తుపాకీ లైసెన్సు: మారిన అంకెలు, మరవకూడని తేదీలు

ఒక మనిషి పేరిట ఎన్ని తుపాకులు ఉండొచ్చు? పాత జవాబు మూడు, ఇప్పుడు రెండు. లైసెన్సు ఎన్నేళ్లు చెల్లుతుంది? పాత జవాబు మూడేళ్లు, ఇప్పుడు ఐదేళ్లు. లైసెన్సు లేని తుపాకీతో దొరికితే కనీస శిక్ష ఎంత? పాత జవాబు ఏడాది, ఇప్పుడు రెండేళ్లు. గరిష్ఠం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఈ మూడు జవాబులనూ మార్చింది ఒకే సవరణ. 2019 డిసెంబరు 14న అది అమల్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి బీరువాలోంచి బయటికి తీయని తుపాకీ విషయంలో కూడా యజమాని చేయాల్సిన పనులు ఆ రోజుతో మారిపోయాయి.

ఇలాంటి మార్పు రేషన్ కార్డుకో, పట్టాదారు పాసుపుస్తకానికో వస్తే ఊళ్లో తెలియనివాళ్లు ఉండరు. తుపాకీ సంగతి అలా కాదు. కేంద్ర హోంశాఖ లెక్క ప్రకారం 2016 డిసెంబరు 31 నాటికి దేశం మొత్తమ్మీద ఆయుధ లైసెన్సులు 33,69,444. అందులో 12,77,914 ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి, అంటే నూటికి 38. 2011 జనగణనలో లెక్కకొచ్చిన కుటుంబాలు సుమారు 24.67 కోట్లు. ఆ లెక్కన దాదాపు 73 కుటుంబాలకు ఒక లైసెన్సు. ఒక వీధిలో ఒకరికి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. కాబట్టి ‘నీకు రెన్యువల్ అయిందా?’ అని అడిగే పక్కింటివాళ్లు ఉండరు. ఎవరి లైసెన్సు సంగతి వాళ్లే చూసుకోవాలి.

పొలం కాపలాకు తుపాకీ పెట్టుకున్న రైతు, బ్యాంకు గార్డుగా చేరిన మాజీ సైనికుడు, నగల వ్యాపారి, తాతల నాటి డబుల్ బ్యారెల్‌ను దాచుకున్న కుటుంబం, షూటింగ్ పోటీలకు వెళ్లే అమ్మాయి... అందరికీ వచ్చే సందేహాలు ఇంచుమించు ఒకటే. ఒక్కొక్కటీ చూద్దాం.

మార్పు ఎక్కడి నుంచి వస్తుంది?

తుపాకీ యజమానికి వర్తించే నియమాలు నాలుగు చోట్ల నుంచి వస్తాయి. మొదటిది, పార్లమెంటు చేసిన ఆయుధ చట్టం–1959. రెండోది, ఆ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించే ఆయుధ నిబంధనలు. దరఖాస్తు ఫారాలు, ఫీజులు, శిక్షణ, రికార్డుల సంగతులన్నీ వీటిలోనే ఉంటాయి. మూడోది, జిల్లా కలెక్టరు లేదా పోలీసు కమిషనర్ ఇచ్చే ఉత్తర్వులు. నాలుగోది, కోర్టు తీర్పులు.

ఇందులో చట్టం నిదానంగా మారుతుంది. ఒకరి పేరిట మూడు తుపాకులకు మించకూడదన్న పరిమితి 1983 సవరణతో వచ్చింది. అది రెండుకు తగ్గడానికి 36 ఏళ్లు పట్టింది. నిబంధనలు అలా కాదు. 1962 నాటి నిబంధనలను పక్కనబెట్టి 2016 జులైలో కొత్తవి తెచ్చారు, ఆ తర్వాత నాలుగేళ్లలోపే వాటిని పలుమార్లు సవరించారు. ఇక జిల్లా ఉత్తర్వులు ఎన్నికలొస్తే రాత్రికి రాత్రే వస్తాయి. పత్రికల మొదటి పేజీకి ఎక్కేది చట్టం. యజమానిని ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఎవరి కంటా పడని నిబంధన, దాని గడువు తేదీ.

పేపర్లో చదివిందే చట్టమా?

కాకపోవచ్చు. 2019 సవరణే దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది నవంబరు 29న లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లులో ‘ఒక మనిషికి ఒకే తుపాకీ’ అని ఉంది. సభ్యుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. డిసెంబరు 9న లోక్‌సభ ఆమోదించే నాటికి ఆ ఒకటి రెండైంది. మర్నాడు రాజ్యసభ ఆమోదించింది, 13న రాష్ట్రపతి సంతకం చేశారు. నవంబరు వార్త చదివి అక్కడితో ఆగినవారి దృష్టిలో పరిమితి నేటికీ ఒకటే. బిల్లు అంటే ప్రతిపాదన మాత్రమే. రాష్ట్రపతి సంతకమై, గెజెట్‌లో అచ్చయి, అమలు తేదీ ఖరారైతేనే చట్టం.

రెండంటే రెండేనా?

సాధారణ లైసెన్సుదారుకు రెండే. మూడోది ఉన్నవారికి చట్టం ఏడాది గడువిచ్చింది. ఏ రెండు ఉంచుకోవాలో ఎంచుకుని, మూడోదాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. సైన్యంలో ఉన్నవారైతే తమ యూనిట్ ఆయుధాగారంలో ఇవ్వొచ్చు. ఆ గడువు 2020 డిసెంబరు 13తో ముగిసింది. ఆ తర్వాత 90 రోజుల్లో ఆ తుపాకీని లైసెన్సు నుంచి తొలగించాలి. ఈ తేదీలు దాటి ఏళ్లు గడిచాయి కాబట్టి, ఇంకా మూడు ఉన్నవారు ఆలస్యం చేయకుండా లైసెన్సింగ్ అధికారిని కలవడమే దారి.

‘మా నాన్న తుపాకీ నాకు వారసత్వంగా వచ్చింది కదా, అది లెక్కలోకి రాదు కదా?’ అని అడిగేవారున్నారు. లెక్కలోకి వస్తుంది. వారసత్వ లైసెన్సుకైనా రెండు తుపాకుల పరిమితి దాటకూడదని సవరణ స్పష్టంగా చెప్పింది. ఇప్పటికే రెండున్న కొడుక్కి తండ్రి నుంచి మూడోది రాదు. తోబుట్టువుల్లో అర్హత ఉన్న మరొకరు దానికి దరఖాస్తు చేసుకోవాలి, లేదంటే చట్టప్రకారం అమ్మేయాలి.

క్రీడాకారులకు లెక్క వేరు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒక పోటీ విభాగంలో పేరొందిన షూటర్ 8 వరకు, రెండు విభాగాల్లో అయితే 10 వరకు, అంతకు మించితే 12 వరకు ఆయుధాలు ఉంచుకోవచ్చు. ఈ సడలింపు క్రీడలో గుర్తింపు ఉన్నవారికే. సరదాగా రేంజికి వెళ్లొచ్చేవారికి వర్తించదు.

ఐదేళ్లకు పెరిగితే ఊరటే కదా?

ఊరటే. ముప్ఫై ఏళ్లు తుపాకీ ఉంచుకునే మనిషి పాత లెక్కన పదిసార్లు రెన్యువల్‌కు తిరగాలి. కొత్త లెక్కన ఆరుసార్లు చాలు. కానీ ఇందులోనే ఒక చిక్కు కూడా ఉంది. ఐదేళ్లంటే ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతి పూర్తిచేసేంత కాలం. అంత దూరంలో ఉన్న తేదీని మరిచిపోవడం సులువు. తేదీ దాటితే చట్టం దృష్టిలో అది లైసెన్సు లేని తుపాకీయే.

‘నా లైసెన్సు పాతది, దానికీ ఐదేళ్లేనా?’ అన్న సందేహానికి ఊహలతో జవాబు వెతకొద్దు. మీ లైసెన్సు మీద అధికారి రాసిన చివరి తేదీయే మీకు లెక్క. ఆ తేదీకి కనీసం మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టుకుంటే పోలీసు విచారణకు, కాగితాల్లో తప్పులుంటే దిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. తేదీ దాటాకే గమనించారా? తుపాకీని ఇంట్లో ఉంచి ఆఫీసుల చుట్టూ తిరగొద్దు. లైసెన్సు గడువు తీరిన ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా పోలీసు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలని చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. ముందు ఆ పని చేసి, రశీదు తీసుకుని, ఆ తర్వాత రెన్యువల్ సంగతి చూడండి.

యూఐఎన్ అంటే ఏమిటి?

దేశంలోని లైసెన్సులన్నింటినీ ఒకే కంప్యూటర్ జాబితాలోకి చేర్చేందుకు ప్రతి లైసెన్సుదారుకూ ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్యే యూఐఎన్. పూర్వం లైసెన్సు వివరాలు కలెక్టరేట్ రిజిస్టర్లలోనే ఉండేవి. ఒక జిల్లాలో ఇచ్చింది మరో జిల్లాకు తెలిసేది కాదు. నకిలీ లైసెన్సులకు అదే ఊతం. అందుకే జాతీయ జాబితా తెచ్చారు. యూఐఎన్ లేని లైసెన్సు చెల్లదని నిబంధన పెట్టి, గడువును పలుమార్లు పొడిగించి, చివరికి 2020లో ముగించారు. మీ లైసెన్సు పుస్తకం తెరిచి ఆ సంఖ్య ఉందో లేదో ఇవాళే చూసుకోండి. లేకపోతే పుస్తకం మీద ఇంకా గడువు కనిపిస్తున్నా ప్రయోజనం లేదు.

జిల్లా మారితే లైసెన్సు ఏమవుతుంది?

తెలుగు రాష్ట్రాల వారికి ఈ ప్రశ్న ముఖ్యం. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. పాత ఆదిలాబాద్ ఒక్కటే నాలుగు జిల్లాలైంది. చిత్తూరు కలెక్టరు దగ్గర లైసెన్సు తీసుకున్న మదనపల్లె మనిషి ఇల్లు కదలకుండానే 2022లో అన్నమయ్య జిల్లా వాసి అయ్యాడు. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో లైసెన్సింగ్ అధికారి కలెక్టరు కాదు, పోలీసు కమిషనర్. కాబట్టి రెన్యువల్ దగ్గరపడ్డాక కాకుండా ముందుగానే మీ ఫైలు ఇప్పుడు ఏ ఆఫీసులో ఉందో కనుక్కోవాలి. అడిగేది కాగితం మీద రాసి ఇచ్చి, ముట్టినట్టు రశీదు తీసుకుంటే మేలు.

ఇల్లే మారితే? తుపాకీ వెంట తీసుకుని శాశ్వతంగా చిరునామా మారినా, వరసగా 30 రోజులకు మించి వేరేచోట ఉండబోతున్నా, 30 రోజుల్లోగా కొత్త చోటి అధికారికీ, లైసెన్సు ఇచ్చిన అధికారికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు కాపురం మార్చినవారు గ్యాస్ కనెక్షన్, ఓటరు కార్డుతో పాటు దీన్నీ చేయాల్సిన పనుల్లో చేర్చుకోవాలి. లైసెన్సు షరతులు మీరితే, ఆ తప్పుకు చట్టంలో వేరే శిక్ష లేనప్పుడు, 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జరిమానా చిన్నదే అనిపిస్తుంది. కానీ ఆ కేసు మీ రెన్యువల్ ఫైల్లోకి ఎక్కితే నష్టం పెద్దది.

ఎన్నికలొస్తే అందరూ అప్పగించాలా?

ఎన్నికల షెడ్యూలు వెలువడగానే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది: ‘తుపాకీ తెచ్చి డిపాజిట్ చేయండి.’ ఎన్నికల సంఘం సూచనల ప్రకారం జిల్లాలో ఒక పరిశీలన కమిటీ లైసెన్సులను చూడాలి. బెయిలుపై ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, గతంలో అల్లర్లలో, ముఖ్యంగా ఎన్నికల వేళ పాల్గొన్నవారి విషయంలో ప్రత్యేకంగా నిర్ణయం తీసుకోవాలి. కారణం చూపకుండా అందరి దగ్గరా మూకుమ్మడిగా తీసుకోవడం కుదరదని 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. బ్యాంకు గార్డులకు, పోటీల్లో ఉన్న షూటర్లకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు, కానీ అడిగి తీసుకోవాలి.

ఇది ఎన్ని రోజుల వ్యవహారమో చూడండి. తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు 2023 అక్టోబరు 9న వచ్చింది, ఓట్ల లెక్కింపు డిసెంబరు 3న. అంటే 55 రోజులు. లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు 2024 మార్చి 16న వచ్చింది, లెక్కింపు జూన్ 4న. ఇది 80 రోజులు. ఫలితాల తర్వాత మరో వారానికి ఆయుధాలు తిరిగి ఇస్తారు. అంటే దాదాపు ఎనిమిది నెలల్లో రెండుసార్లు కలిపి 149 రోజులు తుపాకీ స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో ఉండే పరిస్థితి. అన్నాళ్లు అక్కడుండే వస్తువుకు రశీదు తప్పనిసరి. తుపాకీ నంబరు, తూటాల సంఖ్య, తేదీ అందులో రాయించుకోండి. డీలర్ దగ్గర డిపాజిట్ చేస్తే ఆ రశీదు నకలు స్టేషన్‌లో ఇవ్వండి. ఉత్తర్వు సరికాదనిపిస్తే ముందు పాటించి, ఆ తర్వాత ప్రశ్నించండి. అధికారి ఇచ్చే ఉత్తర్వులపై అప్పీలుకు 18వ సెక్షన్ వీలు కల్పిస్తోంది.

పెళ్లి ఊరేగింపులో గాల్లోకి ఒక్కసారి?

2019కి ముందు చట్టంలో దీనికి ప్రత్యేకంగా పేరు లేదు. ఇప్పుడు ఉంది. పెళ్లిళ్లు, జాతరలు, సభలు, గుళ్ల దగ్గర వేడుక కోసం తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణాలకో భద్రతకో ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నెలకు 20 వేలతో గడిచే ఇంటికి లక్ష అంటే ఐదు నెలల సంపాదన. ఎవరికీ దెబ్బ తగలకపోయినా ముప్పు తెస్తే చాలు, నేరమే. దానికి తోడు లైసెన్సు రద్దు చేసే అధికారం 17వ సెక్షన్ కింద ఎలాగూ ఉంది. ‘మా ఇంటా వంటా ఇదే ఆనవాయితీ’ అన్నది ఇప్పుడు జవాబు కాదు.

తూటాలకూ లెక్కుందా?

ఉంది. ఏ సమయంలోనైనా గరిష్ఠంగా ఎన్ని దగ్గరుండొచ్చో, ఏడాది మొత్తం మీద ఎన్ని కొనొచ్చో లైసెన్సులోనే రెండు వేర్వేరు అంకెలుగా రాసి ఉంటుంది. చాలామంది మొదటిది చూసి రెండోది మరిచిపోతారు. కొన్నప్పుడల్లా డీలర్ చేత లైసెన్సులో నమోదు చేయించుకోవాలి. వాడినవాటి లెక్క మీరే ఒక పుస్తకంలో రాసుకోవాలి.

ప్రయాణాల్లో ఇంకో జాగ్రత్త అవసరం. ఎప్పుడో వేటకో రేంజికో తీసుకెళ్లిన సంచిని ఆ తర్వాత మామూలు ప్రయాణానికి వాడితే, అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా విమానాశ్రయం స్కానర్లో కనిపిస్తుంది. చట్టానికి ఒక తూటా అయినా మందుగుండే. తెలిసి దగ్గర పెట్టుకున్నప్పుడే నేరమవుతుందని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. కానీ ఆ మాట కోర్టులో తేలేలోపు విమానం వెళ్లిపోతుంది, కేసు నమోదవుతుంది, వకీలు ఖర్చు మొదలవుతుంది. తూటాలున్న సంచికి మరో పని అప్పగించకపోవడమే తేలిక.

ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదంటారు, నిజమేనా?

అన్నింటికీ కాదు. గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు మించినా, గుళ్ల శక్తి 20 జౌళ్లు మించినా లైసెన్సు కావాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. జౌల్ అంటే శక్తికి కొలమానం. రెండు కిలోల బియ్యం సంచిని నేల మీది నుంచి ఒక మీటరు ఎత్తుకు లేపడానికి దాదాపు 20 జౌళ్లు పడతాయి. కోతులను బెదిరించడానికి కొనేటప్పుడు బిల్లు మీద, పెట్టె మీద ఈ రెండు అంకెలూ చూసి, ఆ బిల్లు జాగ్రత్తగా దాచుకోండి.

అడవి పక్క ఊళ్లలో వేరే లెక్కా?

ఒక అదనపు లెక్క ఉంది, అది ఆయుధ చట్టంలో కనిపించదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972లోని 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోగానీ దానికి 10 కిలోమీటర్ల లోపుగానీ నివసించే లైసెన్సుదారు తన పేరును అటవీ శాఖ దగ్గర కూడా నమోదు చేయించుకోవాలి. ఒక ప్రాంతాన్ని కొత్తగా అభయారణ్యంగా ప్రకటిస్తే ఆ పనికి మూడు నెలల గడువుంటుంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సు కావాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సమ్మతి కూడా అవసరం. పది కిలోమీటర్లంటే రెండు గంటల నడక. నల్లమల, కవ్వాల్ అంచుల్లోని ఎన్నో పల్లెలు ఆ దూరంలోనే ఉన్నాయి. ఇంకొక మాట: పంట కాపలాకు లైసెన్సు ఉందంటే అడవి పందిని కాల్చడానికి అనుమతి ఉన్నట్టు కాదు. దానికి అటవీ శాఖ నుంచి వేరే అనుమతి కావాలి.

నా తర్వాత ఈ తుపాకీ ఎవరిది?

లైసెన్సు మనిషికిచ్చేది, ఇంటికిచ్చేది కాదు. భర్త పేరిట ఉన్న తుపాకీ ఆయన పోయిన రోజు నుంచి భార్యకో కొడుక్కో దానంతట అది సంక్రమించదు. కుటుంబం దాన్ని వెంటనే డిపాజిట్ చేసి, వారసుల్లో ఒకరు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న పత్రం దగ్గరుంటే పని సులువవుతుంది.

బతికుండగానే బదిలీ చేయడానికి కూడా 2016 నిబంధనల్లో దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ దగ్గరుంచుకుని 25 ఏళ్లయినా, రెండింటిలో ఏది ముందైతే అప్పుడు చట్టబద్ధ వారసుల్లో ఒకరి పేరిట మార్చమని కోరవచ్చు. 1998లో లైసెన్సు తీసుకున్నవారికి 2023తోనే ఆ అర్హత వచ్చేసింది. వారసుడికి కనీసం 21 ఏళ్లుండాలి, పోలీసు విచారణలో నెగ్గాలి, ఆయుధ భద్రత శిక్షణ పూర్తిచేసిన ధ్రువపత్రం చూపాలి. పెద్దాయన చేతులు వణకడం మొదలయ్యాక ఆలోచించేకన్నా ముందే చేయడం మంచిది.

అమ్మేయాలనుకుంటే? లైసెన్సున్న మరొకరికి నేరుగా అమ్మొచ్చు. కానీ ఎవరికి అమ్మబోతున్నారో వారి పేరు, చిరునామాతో కలెక్టరుకో స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. డబ్బు ఇవాళ అవసరమైతే తుపాకీ ఇవాళ చేతులు మారదన్నమాట.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తే?

ఆరు నెలలు ఇంటికి తాళం వేసి వెళ్లే తల్లిదండ్రులు మన దగ్గర చాలామంది. తాళం వేసిన ఇంట్లో తుపాకీ వదలొద్దు, బంధువుల ఇంట్లో అసలే పెట్టొద్దు. వాళ్ల దగ్గర ఉన్న క్షణం నుంచి అది లైసెన్సు లేని ఆయుధం కిందికే వస్తుంది. డీలర్ దగ్గరో స్టేషన్‌లోనో డిపాజిట్ చేసి రశీదుతో వెళ్లండి. ఆ ఆరు నెలల మధ్యలో రెన్యువల్ తేదీ ఉంటే టికెట్ కొనకముందే ఆ పని ముగించండి.

అక్కడున్న పిల్లలకూ ఒక మాట చెప్పండి. దుకాణాల్లో తుపాకులు కనిపిస్తున్నాయి కదా అని అందరూ కొనడానికి లేదు. హెచ్-1బీ, విద్యార్థి వీసా లాంటి నిర్ణీత కాలపు వీసాలతో వెళ్లినవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తోంది. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు ఉన్నవారికి వర్తించేది లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. 2022లో చేసిన చట్టంతో దీనికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెరిగింది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. కానీ రాష్ట్రానికో చట్టం ఉంటుంది కాబట్టి ఇల్లు మారితే మళ్లీ చూసుకోవాలి.

కొత్త నేర చట్టాలతో ఆయుధ చట్టం పోయిందా?

పోలేదు. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్ష సంహిత వచ్చాయి. ఆయుధ చట్టం అలాగే ఉంది. తుపాకీ యజమానికి సంబంధించి మారింది ఆత్మరక్షణ సెక్షన్ల సంఖ్యలు. పూర్వం ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉన్నవి ఇప్పుడు న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు. సారం పాతదే: ముప్పు తప్పించడానికి ఎంత బలం అవసరమో అంతే వాడాలి. లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే అనుమతి. దాన్ని పేల్చడం సరైనదో కాదో ఆ సెక్షన్లే తేలుస్తాయి.

ఇవన్నీ గుర్తుంచుకునేదెలా?

అన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద ఆరు సంగతులు రాసి లైసెన్సు పుస్తకంలో పెట్టుకోండి: లైసెన్సు ముగిసే తేదీ, దానికి మూడు నెలల ముందు తేదీ, యూఐఎన్ సంఖ్య, లైసెన్సింగ్ అధికారి కార్యాలయం, తూటాల రెండు పరిమితులు, లైసెన్సు చెల్లే ప్రాంతం. ఈ చివరిది లైసెన్సులోనే రాసి ఉంటుంది. రాష్ట్రం దాటించేటప్పుడు ముందు చూడాల్సింది అదే.

ఏడాదికి రెండుసార్లు, చెప్పాలంటే సంక్రాంతికోసారి, వినాయక చవితికోసారి, ఓ అరగంట కేటాయించండి. చట్టం తాజా పాఠం ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో, కొత్త నోటిఫికేషన్లు ఈ-గెజెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడం కష్టమైతే డీలర్‌ను అడగండి, రోజూ ఇదే పని కాబట్టి వారికి మార్పులు ముందే తెలుస్తాయి. అయితే డీలర్ మాటైనా, వాట్సాప్‌లో వచ్చిన కబురైనా ఒకే ప్రశ్నతో తేల్చుకోండి: ‘నోటిఫికేషన్ తేదీ ఎంత?’ తేదీ చెప్పలేని వార్తను నమ్మి తుపాకీ విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

లైసెన్సు రద్దు చేసినా, నిలిపివేసినా కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయడం అధికారి బాధ్యత. వాటిని అడగడం, అప్పీలుకు వెళ్లడం మీ హక్కు. ‘నాకు తెలియదు’ అన్న మాట మాత్రం ఏ కోర్టులోనూ హక్కు కాదు. కాబట్టి ఇవాళే లైసెన్సు పుస్తకం బయటికి తీసి చివరి తేదీ చూడండి. మూడు నెలల్లోపే ఉంటే, రేపు మొదట చేయాల్సిన పని రెన్యువల్ దరఖాస్తే.